ఫోర్డ్ ఎఫ్-100 వెనక యాక్సిల్ గేర్లు మార్చే ముందు జాగ్రత్తలు

ఇది పాత ఫోర్డ్ పికప్‌లలో వచ్చే 9 అంగుళాల (లోపలి పెద్ద గేరు వ్యాసం) యాక్సిల్ గురించి.

- ముందు అసలు గేర్ రేషియో (చక్రాలు ఒకసారి తిరగడానికి డ్రైవ్‌షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో చెప్పే సంఖ్య) తేల్చుకోండి. యాక్సిల్ మీదున్న రేషియో ట్యాగ్‌ని నమ్మకండి, ఇన్నేళ్లలో గేర్లు ఎవరైనా మార్చి ఉండొచ్చు. బయటకు తీశాక రింగ్ (పెద్ద గేరు), పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) పళ్లు లెక్కపెట్టి, పెద్ద సంఖ్యను చిన్నదానితో భాగిస్తే సరి.
- 3.00 నుంచి 3.70కి వెళ్తే అదే వేగానికి ఇంజిన్ సుమారు 23 శాతం ఎక్కువ తిరుగుతుంది. హైవే మీదే తిరిగే బండికి ఇది అవసరమా? ఆలోచించండి. స్పీడోమీటర్ గేరూ మార్చాలి, లేకపోతే ఎక్కువ చూపిస్తుంది.
- జాకీ మీద వదిలేసి కిందికి దూరకండి. స్టాండ్లు, ముందు చక్రాలకు అడ్డు తప్పనిసరి.
- పాత బ్రేక్ దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గాలి కొట్టకండి, తడిపి తుడవండి.
- యాక్సిల్ షాఫ్టులు బయటకు లాగాకే గేర్లుండే మధ్య ముక్క కదులుతుంది. బాగా బరువు, ఇద్దరుండాలి.
- రింగ్, పినియన్ జతగానే కొనండి. క్రష్ స్లీవ్ (పినియన్ బేరింగ్‌ల మధ్య బిగిస్తే నలిగే గొట్టం) ఉంటే కొత్తదే వేయాలి. షిమ్‌లు (సర్దుబాటుకు వేసే పలుచని రేకులు), బ్యాక్‌లాష్ (గేర్ల పళ్ల మధ్య సందు) కొలవడానికి డయల్ గేజ్ (సన్నటి కొలతలు చూపే ముల్లు గేజ్) లేకపోతే ఆ ముక్క సెట్టింగ్ తెలిసిన మెకానిక్‌కి ఇచ్చేయండి. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు, గేర్లు ఏడుస్తాయి.
- కొత్త గేర్లతో మొదట్లో నెమ్మదిగా కాసేపు నడిపి, పూర్తిగా చల్లారనివ్వండి. బరువులు లాగడం తర్వాత.