సాలిడిటీలో భాగఫలాన్ని పైకి రౌండ్ చేయడం ఎలా

ఎథీరియం స్మార్ట్ కాంట్రాక్టులు రాసే సాలిడిటీ భాషలో దశాంశాలతో లెక్కలు కుదరవు. 7ని 3తో భాగిస్తే 2 వస్తుంది, మిగిలిన 1 గాలికి పోతుంది. డబ్బు లెక్కల్లో ఆ ఒక్కటే కొంప ముంచుతుంది. వాల్ట్‌లో (అందరి సొమ్మూ కలిపి ఉంచి, వాటాలను షేర్లుగా ఇచ్చే కాంట్రాక్టు) 1500 యూనిట్ల ఆస్తి, 1000 షేర్లు ఉన్నాయనుకోండి. ఎవరో 1 యూనిట్ విత్‌డ్రా చేస్తే తగ్గించాల్సిన షేర్లు 1 × 1000 / 1500, అంటే 0. షేరు పోలేదు, సొమ్ము మాత్రం చేతికొచ్చింది. అందుకే వాల్ట్‌ల ప్రమాణమైన ఈఆర్‌సీ-4626లో విత్‌డ్రా, మింట్ (కోరినన్ని షేర్లు తీసుకోవడం) లెక్కలు పైకి, డిపాజిట్, రిడీమ్ (షేర్లు ఇచ్చి సొమ్ము తీసుకోవడం) లెక్కలు కిందికి రౌండ్ అవుతాయి. తేడా ఎప్పుడూ వాల్ట్‌కే మిగలాలి.

భాగఫలానికి గుడ్డిగా 1 కలిపేయకండి: 6 / 3కి 3 వచ్చేస్తుంది. ఎను బితో భాగించడానికి అందరూ రాసేది (ఎ + బి - 1) / బి. చిన్న సంఖ్యలకు బాగానే ఉంటుంది. ఎ గరిష్ఠ విలువ దగ్గరుంటే కూడికే ఓవర్‌ఫ్లో అవుతుంది, అంటే 256 బిట్లలో పట్టదు. 0.8 వెర్షన్ నుంచి లావాదేవీ రివర్ట్ (రద్దు) అవుతుంది. ఆ తనిఖీని ఆపేసే అన్‌చెక్డ్ బ్లాకులో పెడితే ఇంకా ఘోరం: ఎ గరిష్ఠం, బి 2 అయితే జవాబు 0.

భద్రంగా కావాలంటే ఇలా రాయండి:

ఎ == 0 ? 0 : (ఎ - 1) / బి + 1

బి సున్నా కాదని ముందే చూసుకోండి. లేకపోతే ఎ సున్నా అయినప్పుడు భాగహారం దాకా పోకుండానే 0 వచ్చేస్తుంది, తప్పు బయటపడదు.

గ్యాస్ (కోడ్ నడపడానికయ్యే రుసుము) పిసినారులకు అసెంబ్లీ (యంత్రం ఆదేశాలను నేరుగా రాసే) దారి ఉంది: భాగఫలం తీసి, శేషం సున్నా కాకపోతే 1 కలపడం. డివ్ 5, మోడ్ 5, ఈజ్‌జీరో (శేషాన్ని 0 లేదా 1గా మార్చడానికి) రెండుసార్లు 6, యాడ్ 3, స్టాక్ కదలికలు కాక మొత్తం 19 గ్యాస్. జంప్ ఉండదు. శేషం మిగిలిందంటే బి కనీసం 2, కాబట్టి 1 కలిపినా ఓవర్‌ఫ్లో కాదు. ఇక్కడా బి సున్నా అయితే ఈవీఎం (కాంట్రాక్టులను నడిపే ఎథీరియం యంత్రం) ఆగదు, చప్పుడు లేకుండా 0 ఇస్తుంది. ఆ చెక్ మీరే పెట్టాలి. కోల్డ్ స్టోరేజీని (ఆ లావాదేవీలో ఇంకా తాకని శాశ్వత డేటాను) ఒక్కసారి చదివితే 2100 గ్యాస్ పోతుంది కాబట్టి, ఈ పొదుపు కోసం ముందు అక్కడ వెతకండి.

32 గుణిజానికి పెంచాలంటే భాగహారమే అక్కర్లేదు: (ఎ + 31) & ~uint256(31). మెమరీ సర్దుబాటుకు ఇదే వాడతారు. కూడిక ఓవర్‌ఫ్లో భయం దీనికీ ఉంది.

గుణించి భాగించేచోట గుణకారమే 256 బిట్లు దాటొచ్చు. ఓపెన్‌జెప్పెలిన్ లైబ్రరీలోని మల్‌డివ్ ఫంక్షన్‌కు రౌండింగ్ దిశ ఇచ్చి వాడండి. సైన్డ్ (రుణ విలువలు కూడా ఉండే) సంఖ్యల్లో -7 / 3 ఎలాగూ -2 ఇస్తుంది. అది పైకి రౌండ్ అయినట్టే, మళ్లీ 1 కలపొద్దు.

టెస్టుల్లో ఎకి 0, బి, బి + 1, గరిష్ఠం; బికి 0, 1 తప్పక పెట్టండి.