ఫ్యాక్టరీకి సోలార్ పెట్టే ముందు గాలి లీకులు ఎలా కట్టాలి?

ఫ్యాక్టరీని సౌర విద్యుత్తు వైపు మళ్లించాలనుకునేవాళ్లు ముందు పైకప్పు కొలుస్తారు. నేనైతే ముందు యంత్రాలకు ఒత్తిడి గాలి అందించే కంప్రెసర్ గదికి వెళ్లమంటాను. కంప్రెసర్ తీసుకునే కరెంటులో 80 శాతానికి పైగా వేడిగానే పోతుంది. అంత ఖర్చుతో తయారైన గాలి మళ్లీ లీకుల్లో పోతుంటే, దానికోసం ప్యానెళ్లు కొనడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

మొదట లీకు ఎంతో కొలవండి. సెలవు రోజు గాలి వాడే యంత్రాలన్నీ ఆపి, కంప్రెసర్ ఒక్కటే నడపండి. లైన్ల వాల్వులు మాత్రం ఎప్పటిలాగే తెరిచి ఉంచాలి. ఎవరూ గాలి వాడకపోయినా ప్రెజర్ తగ్గి కంప్రెసర్ మళ్లీ లోడ్ తీసుకుంటోందంటే (గాలి నింపడం మొదలుపెడుతోందంటే), ఆ గాలంతా లీకులదే. లోడ్‌లో ఎన్ని సెకన్లు, అన్‌లోడ్‌లో (గాలి నింపకుండా ఊరికే తిరుగుతూ) ఎన్ని సెకన్లు ఉందో అయిదారు సార్లు రాసి సగటు తీయండి. లోడ్ సమయాన్ని రెండింటి మొత్తంతో భాగించి 100తో గుణిస్తే లీకు శాతం వస్తుంది.

మీ కంప్రెసర్ నిమిషానికి 10 ఘనపు మీటర్ల గాలి ఇస్తుందనుకుందాం. లోడ్ 90 సెకన్లు, అన్‌లోడ్ 270 సెకన్లు వస్తే లీకు 25 శాతం, అంటే నిమిషానికి 2.5 ఘనపు మీటర్లు. 7 బార్ ఒత్తిడి దగ్గర నిమిషానికి ఒక్కో ఘనపు మీటరుకు సుమారు 6 కిలోవాట్లు పడుతుంది కాబట్టి 15 కిలోవాట్లు ఊరికే పోతున్నట్టు. ఏడాదికి 6,000 గంటలు నడిస్తే 90,000 యూనిట్లు! ఈ లెక్క మొదటిసారి వేసుకున్నప్పుడు ఎవరికైనా గుండె జారుతుంది. (వేగం మార్చుకునే రకం కంప్రెసర్‌కు ఈ పద్ధతి పనికిరాదు. దానికి ఫ్లో మీటర్ పెట్టి చూడాలి.)

తర్వాత లీకులు వెతకండి. పెద్ద పైపుల కంటే యంత్రం దగ్గరి చివరి రెండు మూడు మీటర్లలోనే ఇవి ఎక్కువ. హోస్ క్లాంపులు, కప్లింగులు, రెగ్యులేటర్లు, డ్రెయిన్ వాల్వులు వదలకుండా చూడండి. బ్రష్‌తో సబ్బు నీళ్లు పూస్తే, బాగున్న జాయింట్ మీద నురగ కదలదు. లీకున్న చోట చిన్న బుడగ ఉబ్బి, పగిలి, వెంటనే అక్కడే ఇంకోటి లేస్తుంది. చెయ్యి పెట్టి తడమకండి. కనబడిన ప్రతి చోటా చీటీ కట్టి, లైన్‌లో ప్రెజర్ పూర్తిగా తీసేశాకే విప్పండి.

లీకులు కట్టాక ప్రెజర్ సెట్టింగ్‌ను కొద్దికొద్దిగా దించుతూ యంత్రాలు సరిగా నడుస్తున్నాయో లేదో చూడండి. ఒక బార్ తగ్గితే కరెంటు సుమారు 7 శాతం మిగులుతుంది.

ఇక వేడి సంగతి. ఆయిల్‌తో చల్లబడే స్క్రూ కంప్రెసర్ అయితే, ఆయిల్ లైన్‌కు హీట్ ఎక్స్‌ఛేంజర్ కలిపి నీళ్లను 70 డిగ్రీల దాకా వేడి చేసుకోవచ్చు. బాయిలర్‌కు పోసే నీళ్లకు, కడిగే పనులకు అది చాలు. దగ్గర్లో వేడి నీళ్ల అవసరం లేకపోతే మాత్రం ఈ ఖర్చు పెట్టొద్దు.

ఇప్పుడు పైకప్పు ఎక్కండి. వారం పాటు పావుగంటకోసారి మీటర్ రీడింగ్ తీసి, తగ్గిన పగటి వాడకానికి సరిపడా సోలార్ లెక్క వేయండి. 20 శాతం సామర్థ్యమున్న ప్యానెళ్లయితే కిలోవాట్‌కు 5 చదరపు మీటర్లు కావాలి, మధ్యలో నడిచే దారి అదనం. కంప్రెసర్ వేడి గాలి బయటికొచ్చే గొట్టం ప్యానెళ్ల కిందికి రాకుండా చూడండి. 25 డిగ్రీలు దాటాక ప్యానెల్ వేడెక్కే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం పడిపోతుంది.

లీకు పరీక్ష మూడు నెలలకోసారి మళ్లీ చేయండి. పోల్చుకోవడానికి వీలుగా, మొదటి రోజు రాసుకున్న ఆ సెకన్ల లెక్కను కంప్రెసర్ గది తలుపుకే అంటించి ఉంచండి.