సి సోర్స్ కోడ్‌ను భద్రతా లోపాల కోసం స్కాన్ చేసే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

డేవిడ్ వీలర్ రూపొందించిన ఫ్లాఫైండర్ వంటి టూల్‌ను నడిపే ముందు, పరీక్షించవలసిన కోడ్‌కు వేరే డైరెక్టరీలో నకలు తీసుకొని, ఇతరులెవరూ దానిని మార్చలేని విధంగా అనుమతులను సరిచేసుకోవాలి. స్కాన్ నడుస్తుండగా ఫైళ్లు మారితే ఆ ఫలితాన్ని నమ్మడానికి వీలుండదు.

కోడ్ అపరిచితుల నుంచి వచ్చినదైతే మరింత అప్రమత్తత అవసరం. ఫలానా పంక్తిని వదిలేయమని ఫ్లాఫైండర్‌కు చెప్పే కామెంట్‌ను కోడ్ రాసినవారే అందులో చేర్చి ఉండవచ్చు కనుక, అటువంటి కామెంట్లను లెక్కచేయని ‘నెవర్‌ఇగ్నోర్’ ఆప్షన్‌తోనే స్కాన్ చేయాలి. క్లాంగ్ స్టాటిక్ అనలైజర్ అనే మరో టూల్‌ను స్కాన్‌బిల్డ్ అనే కమాండ్ ద్వారా నడిపితే ప్రాజెక్టు బిల్డ్ (కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చే పని) కూడా జరుగుతుంది, అంటే బిల్డ్ సూచనలుండే మేక్‌ఫైల్‌లో దాచిన ఆదేశాలు సైతం మీ యంత్రంపైనే అమలవుతాయి. కోడ్‌ను కేవలం చదువుతున్నామనే భ్రమలో ఈ సంగతిని మరచిపోవడం తేలిక. ఆ పనిని నెట్‌వర్క్ లేని వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్‌లోనే విడిగా నడిచే కృత్రిమ కంప్యూటర్‌లో) చేయడమే మేలు.

ఫ్లాఫైండర్ ఇచ్చే ప్రమాద స్థాయిలు 0 నుంచి 5 వరకు ఉంటాయి. ఇన్‌పుట్ పొడవుకు హద్దు పెట్టకుండా చదివే గెట్స్ ఫంక్షన్‌ను 2011 నాటి సి ప్రమాణంలోనే తొలగించారు కాబట్టి అది కనబడితే చర్చ అనవసరం. అక్షరాల వరుసను కాపీ చేసే స్ట్ర్‌కాపీ ఫంక్షన్ విషయంలో మాత్రం, బఫర్ (మెమరీలో ఆ డేటా చేరే చోటు) పరిమాణమెంతో, అందులోకి వచ్చే డేటా ఎవరి చేతిలో ఉన్నదో చూడకుండా తీర్పు చెప్పరాదు. ఈ టూల్ ప్రధానంగా ఫంక్షన్ల పేర్లను పోల్చి చూస్తుందే తప్ప డేటా ప్రవాహాన్ని అనుసరించదు. కానీ అసలు లోపం తరచూ డేటాలోనే ఉంటుంది: 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో బయటపడిన హార్ట్‌బ్లీడ్ అనే లోపానికి కారణం, కాపీ చేయవలసిన డేటా పొడవును సరిచూడకుండా వాడిన ఒక మెమ్‌కాపీ (మెమరీలోని డేటాను కాపీ చేసే ఫంక్షన్) మాత్రమే.

టూల్ వెర్షన్‌ను, వాడిన ఆప్షన్లను ముందే రాసి పెట్టుకోవాలి. లోపాలను సవరించేవరకు నివేదికను బహిరంగ రిపాజిటరీలో ఉంచరాదు.