ఆర్సీ లేని పాత స్కూటర్‌కి కాగితాలు చేయించుకోవడం ఎలా?

ఏ అపార్టుమెంటు సెల్లార్‌లోనో, పాతబస్తీలో ఏ ఇంటి వరండాలోనో ఏళ్ల తరబడి దుమ్ము పట్టి నిలబడ్డ చేతక్ కనబడుతుంది. అడిగితే ఐదారు వేలకు ఇచ్చేస్తామంటారు. "కాగితాలు ఎక్కడో పోయాయి సార్, మీరే చేయించుకోండి" అంటారు. ఇక్కడే చాలామంది తొందరపడతారు. డబ్బిచ్చి, బండి తెచ్చి, డెంటింగ్, పెయింటింగ్ అంతా చేయించి, ఆఖరున ఆర్టీఏ ఆఫీసుకు వెళతారు. అక్కడ పని ఆగిపోతుంది.

ఆర్సీ పోయినంత మాత్రాన రికార్డు పోదు. రవాణా శాఖ లెక్కలో ఆ బండి ఎవరో ఒకరి పేరున ఉండనే ఉంటుంది. ఆ మనిషి సంతకం పెట్టాలి. ఆయన లేకపోతే వారసులు పెట్టాలి. అదీ కుదరకపోతే కోర్టు ఉత్తర్వు కావాలి. వేలంలో కొన్న బండికి తప్ప ఇంకో దారి లేదు. కాబట్టి ముందు రికార్డు, తర్వాత సంతకం, ఆ తర్వాతే డబ్బు. రంగు అన్నిటికన్నా చివర.

1. మూడు నంబర్లు రాసుకోండి

రిజిస్ట్రేషన్ నంబరు, చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు. ఈ మూడూ లేకుండా బేరం మొదలుపెట్టకండి.

చేతక్‌లాంటి వెస్పా తరహా బండిలో ఇంజన్ కుడివైపు ఉంటుంది. ఆ వైపు డోమ్, అంటే ఇంజన్‌ని కప్పే రేకు మూత, విప్పితే ఫ్రేము రేకు మీద చాసిస్ నంబరు కొట్టి ఉంటుంది. ఇంజన్ నంబరు వెనక షాక్ అబ్జార్బర్ బిగించే చోటికి దగ్గర్లో, కేసింగ్ చెయ్యి మీద ఉంటుంది. లాంబ్రెటా తరహా బండ్లలో, అంటే విజయ్ సూపర్, మన హైదరాబాద్ ఆల్విన్ వాళ్ల పుష్పక్ లాంటి వాటిలో, ఈ చోట్లు వేరు. ఆ బండ్లు తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లండి.

ముప్ఫై నలభై ఏళ్ల మడ్డి కింద అంకెలు కనబడవు. పాత గుడ్డని కిరసనాయిల్‌లో తడిపి ఆ చోట పది నిమిషాలు వేసి ఉంచండి. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో నెమ్మదిగా రుద్దండి. పైన రంగు ఉంటే పెయింట్ రిమూవర్ పలచగా రాయండి. ఎమరీ పేపరు, వైర్ బ్రష్, గ్రైండర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. గీతలు పడిన అంకెల్ని చూస్తే వాహన తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్‌కి వచ్చే మొదటి అనుమానం నంబరు దిద్దారనే. శుభ్రమయ్యాక సుద్దపొడి రాసి తుడిస్తే గుంటల్లో తెల్లగా నిలిచి అంకెలు చదవడానికి వస్తాయి.

ఇప్పుడు పెన్సిల్ ప్రింటు తీయండి. పలచటి తెల్ల కాగితాన్ని నంబరు మీద టేపుతో బిగించి, మెత్తటి పెన్సిల్‌ని పడుకోబెట్టి రుద్దాలి. మూడు ప్రింట్లు తీసుకోండి. 3, 8 అంకెలూ, 0, 6 అంకెలూ తుప్పు తిన్న రేకు మీద ఒకలాగే కనబడతాయి. ఫోటో కన్నా ప్రింటులోనే తేడా బాగా తెలుస్తుంది. నంబరు చుట్టూ రేకు అతుకు, వెల్డింగ్ మచ్చ, అంకెల మధ్య ఎగుడుదిగుడు కనబడితే ఆ బండి వదిలేయండి. ఉత్త తుప్పుతో అరిగిపోయిన నంబరయితే ఆర్టీఏ అనుమతి తీసుకుని మళ్లీ కొట్టించుకోవచ్చు. సొంతంగా పంచ్ కొట్టించడం నేరం.

2. రికార్డు చూడండి

నంబరు ప్లేటు చూస్తేనే కొంత తెలుస్తుంది. ఏపీ 9 అంటే ఖైరతాబాద్, ఏపీ 10 సికింద్రాబాద్, ఏపీ 11 మలక్‌పేట. అంతకన్నా ముందువి, అంటే 1989కి మునుపటి బండ్లయితే, ఏ అక్షరంతో మొదలయ్యే మూడక్షరాల నంబర్లు. తెలంగాణ కోడు 2014లో టీఎస్ అయింది, 2024 మార్చి నుంచి టీజీ. ప్లేటు మీద పాత కోడు ఉండటం తప్పేమీ కాదు.

తెలంగాణ రవాణా శాఖ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి చూడండి. వివరాలు వస్తే మీ పని సగం తేలికైనట్టే. పాత మూడక్షరాల నంబర్లు చాలావరకు కంప్యూటర్‌లోకి ఎక్కలేదు, చేతిరాత రిజిస్టర్లలోనే ఉన్నాయి. అలాంటప్పుడు బండి మొదట ఏ ఆఫీసులో రిజిస్టరైందో అక్కడికే వెళ్లి, పెన్సిల్ ప్రింటు జత చేసి, రికార్డు ఉందో లేదో చూడమని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. దాంట్లో యజమాని ఇంటి అడ్రసు అడిగితే వ్యక్తిగత సమాచారమని తిరగ్గొట్టే వీలుంది. అందుకే రిజిస్ట్రేషన్ తేదీ, గడువు, చాసిస్ నంబరు, లోన్ ఉందా, రిజిస్ట్రేషన్ రద్దయిందా అన్నవే అడగండి. రద్దయిందని తేలితే అక్కడితో ఆపేయండి. అది విడిభాగాల కోసం కొనదగ్గ బండి.

దొంగ బండి కాదని చూసుకోవడం మీ బాధ్యతే. జాతీయ నేర రికార్డుల బ్యూరో పోర్టల్‌లో రిజిస్ట్రేషన్, చాసిస్, ఇంజన్ నంబర్లు కొట్టి చూస్తే పోలీసు రికార్డులో చోరీ బండిగా ఉందో లేదో తెలుస్తుంది. ఆ కాగితాన్ని ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి. ఈ-చలాన్లు కూడా అప్పుడే చూసేయండి.

రికార్డులో ఏదైనా బ్యాంకు పేరు ఉంటే భయపడక్కర్లేదు. లోన్ ఎప్పుడో తీరిపోయి, ఆ ముక్క కొట్టేయించడం మర్చిపోయిన బండ్లు చాలా ఉంటాయి. బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీతో, అంటే అభ్యంతరం లేదన్న పత్రంతో, ఫారం 35 పెడితే ఆ పేరు తీసేస్తారు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో ఎస్‌బీఐలో కలిసింది, ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసింది. కాబట్టి ఇప్పుడున్న బ్యాంకు దగ్గరికే వెళ్లాలి.

3. సంతకం ఎవరిది?

*యజమాని దొరికితే.* అన్నిటికన్నా తేలికైన దారి ఇదే. ఆర్సీ పోయిందని ఆయన పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేసి ధ్రువపత్రం తీసుకోవాలి. దాంతో ఫారం 26 పెట్టి డూప్లికేట్ ఆర్సీ తెచ్చుకోవాలి. ఈ దరఖాస్తు ఆయన పేరునే ఉండాలి, మీ పేరున కుదరదు. అది వచ్చాక ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30 ఒకటి మీరిద్దరూ సంతకాలు చేస్తే బండి మీ పేరుకు మారుతుంది. మారిన సంగతి అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలి.

ఆయన పెద్దవారై తిరగలేని స్థితిలో ఉంటే, స్లాట్ బుక్ చేయడం, ఫారాలు నింపడం మీరే చేసిపెట్టండి. ఖర్చూ మీరే పెట్టుకోండి. మర్యాదగా అడిగితే చాలామంది సంతోషంగానే సంతకం పెడతారు. వాళ్లు జీతం కూడబెట్టి బుక్ చేసుకుని, వంతు కోసం ఏళ్లు ఎదురుచూసి కొన్న బండి అది.

*యజమాని చనిపోతే.* ముందు వారసుడి పేరుకు మారాలి, తర్వాత మీ పేరుకు. దానికి ఫారం 31, మరణ ధ్రువపత్రం, మీసేవ ద్వారా తహసీల్దార్ ఆఫీసు నుంచి వచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి. మిగతా వారసులు అభ్యంతరం లేదని నోటరీ అఫిడవిట్ ఇవ్వాలి. సాధారణంగా ఇక్కడే ఆలస్యమవుతుంది. ఒక కొడుకు అమెరికాలో, ఒక కూతురు విజయవాడలో ఉంటారు. అందరూ ఒప్పుకున్నారని తేలాకే అడ్వాన్సు ఇవ్వండి.

*మధ్యలో చేతులు మారితే.* యజమాని ఇంకెవరికో అమ్మాడు, అతను మెకానిక్‌కి ఇచ్చాడు, మెకానిక్ మీకు అమ్ముతున్నాడు. మధ్యవాళ్ల పేర్లు రికార్డులో లేవు కాబట్టి వాళ్ల సంతకాలు ఆర్టీఏకి పనికిరావు. అయినా ఒక్కొక్కరి దగ్గర అమ్మకపు కాగితం తీసుకుంటూ వెనక్కి వెళ్లండి. మొదటి యజమాని ఇంటికి చేరడానికి అదే ఆధారం. ఇల్లు మారిపోయి ఉంటే పాత అడ్రసుకు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపి, తిరిగొచ్చిన కవరు విప్పకుండా దాచుకోండి. ఇక కోర్టుకే వెళ్లాల్సి వస్తే లాయరు అడిగే మొదటి కాగితాల్లో అదొకటి. సివిల్ కోర్టులో యాజమాన్యం తేల్చుకోవడానికి అయ్యే ఖర్చూ కాలమూ మామూలు చేతక్‌కి గిట్టుబాటు కావు. అరుదైన బండి అయితేనే ఆ దారి ఆలోచించండి.

*వేలంలో కొంటే.* పోలీసులు దిక్కులేని వాహనాలను వేలం వేస్తుంటారు. అలా కొన్నదానికి పాత యజమాని సంతకం అక్కర్లేదు. వేలం ధ్రువపత్రంతో 30 రోజుల్లోగా ఫారం 32 పెట్టాలి. అయితే వేలం కాగితం మీద తుక్కు కింద అమ్మామని రాసి ఉందేమో పాట పాడకముందే చదవండి. తుక్కు కింద కొన్న బండి రోడ్డెక్కదు.

వేరే రాష్ట్రం బండి అయితే ఆ రాష్ట్రం ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ రావాలి, ఇక్కడ ఫారం 27తో కొత్త నంబరు తీసుకుని పన్ను కట్టాలి.

ఎవరి దగ్గర కొన్నా 100 రూపాయల స్టాంపు కాగితం మీద అమ్మకపు ఒప్పందం రాయించండి. మూడు నంబర్లు, ధర, బండి అప్పగించిన తేదీ, సమయం, ఇద్దరు సాక్షుల సంతకాలు, అమ్మినవారి ఆధార్ నకలు ఉండాలి. "పాత తేదీ వేసి ఆర్సీ పుట్టిస్తాం" అనేవాళ్లు తగులుతారు. ఆ ఆర్సీ మొదటి తనిఖీలోనే దొరికిపోతుంది, కేసు మీ మీద పడుతుంది.

4. గడువు తీరిన రిజిస్ట్రేషన్ లెక్క

సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఐదేసి ఏళ్లకు ఫారం 25తో రెన్యువల్ చేయించుకోవాలి. పాత స్కూటర్లలో చాలావాటికి ఇది ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. 20 ఏళ్లు దాటిన టూవీలర్ రెన్యువల్ ఫీజుని కేంద్రం 2025 ఆగస్టులో 2,000 రూపాయలు చేసింది. దెబ్బ కొట్టేది ఈ ఫీజు కాదు. ఆలస్యానికి నెలకు 300 రూపాయల అదనపు రుసుము ఉంది. గడువు తీరి పదేళ్లయితే 120 నెలలు, అంటే 36,000. దీనికి పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ తోడవుతుంది. ఐదు వేల బండి నలభై వేలకు తేలడం ఇలాగే. ఎంత కట్టాల్సి వస్తుందో ఆఫీసులో అడిగి, అంకె రాసుకున్నాకే బేరమాడండి.

వరస ఇది: డూప్లికేట్, రెన్యువల్, బదిలీ. వీటిలో ఏవి ఒకే స్లాట్‌లో పెట్టొచ్చో కౌంటర్‌లో కనుక్కోండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా ఉండాలి. 75 సీసీ దాటి 150 సీసీ వరకు ఉన్న బండికి 2022లో నిర్ణయించిన ప్రీమియం ఏడాదికి 714 రూపాయలు, పన్ను అదనం. చేతక్ 145 సీసీయే కాబట్టి ఇందులోకే వస్తుంది.

5. తనిఖీకి బండిని సిద్ధం చేయడం

రెన్యువల్‌కి బండిని ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాలి. రిజిస్ట్రేషన్ లేని బండి నడిపితే మొదటిసారి 2,000 నుంచి 5,000 వరకు జరిమానా. కాబట్టి ట్రాలీ ఆటోలో తీసుకెళ్లండి.

హెడ్‌లైటు, బ్రేక్ లైటు, హారను, అద్దాలు, టైర్లు, రెండు బ్రేకులు పనిచేయాలి. ఎక్కువగా ఆగిపోయేది పొగ దగ్గర. 2000 మార్చికి ముందు తయారైన టూవీలర్‌కి కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పీపీఎం దాటకూడదు. టూ స్ట్రోక్ బండ్లలో లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల టూ-టీ ఆయిలు చాలు. ఇంజన్ బిగుసుకుంటుందని భయపడి 40 పోస్తే సైలెన్సర్ మసితో మూసుకుపోతుంది. ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలు పారబోయండి. సైలెన్సర్ విప్పి మసి తీయించండి. కొత్త ప్లగ్ వేయించి, కార్బురేటర్ కడిగించి, ఇంజన్ బాగా వేడెక్కాకే పొల్యూషన్ పరీక్షకు పెట్టండి. చల్లటి ఇంజన్‌తో పెడితే మంచి బండి కూడా తప్పుతుంది.

ఇంజన్ మార్చిన బండి అయితే నంబరు రికార్డుతో కలవదు. చేతక్‌లలో ఇది చాలా మామూలు. మార్చిన ఇంజన్‌కి బిల్లు చూపించి, మార్పుని ఆర్సీలో ఎక్కించుకోవాలి. బిల్లు లేని ఇంజన్ ఎక్కడిదో చెప్పలేరు కాబట్టి అది కొత్త చిక్కు తెస్తుంది. పాత ఇంజన్ కేసింగ్ అమ్మినవాళ్ల ఇంట్లోనే మూలన పడి ఉందేమో అడగండి.

6. వింటేజ్ నంబరు కావాలా?

మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి 2021 జులైలో వచ్చిన నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. కొత్తగా తీసుకుంటే ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, మళ్లీ చేయించుకుంటే 5,000. నంబరులో రాష్ట్రం కోడు పక్కన వీఏ అక్షరాలు వస్తాయి. అయితే ఇక్కడ రిజిస్టరైన బండికి పాత ఆర్సీ అడుగుతారు. కాగితాలు లేని లోటు ఈ దారిలో తీరదు. పైగా ఆ నంబరుతో ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప రోజూ నడపకూడదు. కూరగాయలకో, ఆఫీసుకో తిరగాలనుకుంటే మామూలు రెన్యువలే సరైంది.

ఆర్సీ మీ పేరున వచ్చాక రంగు పని మొదలుపెట్టండి. పెయింటర్‌కి బండి అప్పగించే ముందు చాసిస్ నంబరు మీద మాస్కింగ్ టేపు మీరే అంటించి, అక్కడ పుట్టీ పెట్టొద్దని, రుద్దొద్దని చెప్పండి. రంగు మారుస్తుంటే దాన్నీ ఆర్సీలో రాయించుకోవాలి. మొదట తీసిన పెన్సిల్ ప్రింట్లలో ఒకటి పారేయకుండా ఆర్సీతో పాటే పెట్టుకోండి, ఐదేళ్ల తర్వాత రెన్యువల్‌కి మళ్లీ కావాలి.