పక్కింటికీ మనకూ మధ్య ఉన్న ప్రహరీ ఎవరిదో తేల్చుకోవడం ఎలా?

ప్రహరీ గోడ నిటారుగా నిలబడి ఉన్నంతకాలం అది ఎవరిదన్న సంగతి ఎవరికీ పట్టదు. అది వానకు ఒరిగినప్పుడో, పక్కవారు దానికి రేకుల షెడ్డు ఆనించినప్పుడో, ఇల్లు బేరానికి వచ్చినప్పుడో ఆ ప్రశ్న లేస్తుంది. అప్పుడు ఇరువైపులవారూ "మా నాన్నగారు కట్టించిన గోడ ఇది" అనే మొదలుపెడతారు. ఎవరు కట్టించారన్నది రెండో ప్రశ్న మాత్రమే. వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, అది ఎవరి నేల మీద నిలిచి ఉందన్నదే ముందుగా చూడవలసిన విషయం. కాబట్టి హద్దు గీత తేలిన తరువాతే గోడ జోలికి వెళ్లాలి.

పెట్టెలోంచి మొదట తీయవలసినది క్రయ దస్తావేజు. అందులోని షెడ్యూలులో నాలుగు దిక్కుల చెక్కుబంది, అంటే హద్దుల వివరం ఉంటుంది. "ఉత్తరం: ఫలానావారి ఇల్లు" అని మాత్రమే ఉంటే గోడ గురించి ఏమీ చెప్పనట్టే. "ఉత్తరం: ఉభయుల ఉమ్మడి గోడ" అని ఉంటే ఇద్దరికీ హక్కున్నట్టు, "ఉత్తరం: ఫలానావారి ప్రహరీ గోడ" అని ఉంటే మీ హద్దు ఆ గోడ ఇవతలి ముఖం దగ్గరే ఆగినట్టు, "మన గోడ దాటి ఫలానావారి స్థలం" అని ఉంటే గోడ మొత్తం మీదే. మీ దస్తావేజు మౌనంగా ఉంటే అంతకు ముందు చేతులు మారిన లింకు దస్తావేజులు చదవాలి. అన్నదమ్ములు పంచుకున్న ఇళ్లయితే అసలు సంగతి పారీఖత్తులోనే ఉంటుంది, ఎందుకంటే గోడలు, బావి, దారి ఎవరికి ఎలా చెందాలో పంపకం రోజునే రాసుకుంటారు. మా ఇంటి ఉత్తరపు గోడ మాదేనని ముప్పై ఏళ్లు నమ్మి, సంక్రాంతికి దానికి రెండు వైపులా సున్నం కొట్టించాము; తీరా చూస్తే ఒక పాత లింకు దస్తావేజులో "ఉమ్మడి" అన్న మాట బయటపడింది.

పక్కవారి దస్తావేజు చూపమని అడగడానికి మొహమాటపడేవారికి ఇంకో దారి ఉంది. స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే మొదటి పుస్తకాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను ప్రకారం ఎవరైనా రుసుము చెల్లించి చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీల ధ్రువపత్రం) తీయిస్తే ఏ దస్తావేజు ఏ నంబరుతో ఉందో తెలుస్తుంది. రెండు ఇళ్ల చెక్కుబందులనూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకరి దక్షిణం మరొకరి ఉత్తరంతో మాటకు మాట సరిపోతే సగం పని అయినట్టే.

ఇక కొలత. తిరుపతిలో స్థలాన్ని అంకణాల్లో చెప్పడం వాడుక. ఇక్కడి అంకణం 36 చదరపు అడుగులు. నెల్లూరు వైపు అదే మాటకు 72 చదరపు అడుగులు. పాత కాగితంలో ఏ అంకణమో చూసుకోకుండా లెక్క వేస్తే స్థలం సగమో రెట్టింపో అవుతుంది. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు ఉన్న ప్లాటు 1,200 చదరపు అడుగులు, అంటే ఇక్కడి లెక్కలో 33 అంకణాల పైచిలుకు.

ఇలాంటి రెండు ప్లాట్ల మధ్య తొమ్మిది అంగుళాల గోడ ఉందనుకుందాం. వివాదంలో లేని హద్దు నుంచి, అంటే మీ ప్లాటు అవతలి చివర ఉన్న హద్దు రాయి నుంచి టేపు పట్టి, గోడ మీ వైపు ముఖం దాకా కొలవాలి. 29 అడుగుల 3 అంగుళాలు వస్తే గోడ మొత్తం మీ ప్లాటులోనే ఉంది. 29 అడుగుల 7½ అంగుళాలు వస్తే హద్దు గీత గోడ నడిమధ్యగా పోతోంది. నిండా 30 అడుగులు వస్తే గోడ పక్కవారి స్థలంలో ఉంది. ముందు భాగంలో ఒకసారి, పెరటి భాగంలో ఒకసారి కొలవడం తప్పనిసరి, ఎందుకంటే పాత గోడలు చాలావరకు వెనక్కి పోయేకొద్దీ ఒక పక్కకు జరుగుతాయి. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదించిన లేఔటు అయితే ప్లాను నకలు తెచ్చుకుని, ఆ వరుసలోని ప్లాట్లన్నీ కలిపి కూడా కొలవండి. వరుస మొత్తమే ఒక అడుగు తక్కువ వస్తే, ఆ లోటును మీ పక్కింటివారి మీద ఒక్కరి మీదే వేయడం న్యాయం కాదు. దస్తావేజులో విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరనప్పుడు, స్పష్టంగా రాసిన హద్దులకే న్యాయస్థానాలు సాధారణంగా ప్రాధాన్యమిస్తాయి.

గోడ కూడా కొంత సాక్ష్యం చెబుతుంది, అయితే దానిని అనుమానంతోనే వినాలి. పిల్లర్లు ఎవరి వైపు పొడుచుకు వచ్చాయి, పైన సిమెంటు వాలు నీటిని ఎవరి వైపు దించుతోంది, గోడ ఎవరి ఇంటి మూలతో ఇటుక ఇటుక కలిసి కట్టి ఉంది అన్నవి చూడాలి. తోటకు రాతి కూసాలు నాటి ముళ్ల తీగ లాగి ఉంటే, తీగను ఏ వైపు నుంచి బిగించారో చూడవచ్చు. ఇవేవీ దస్తావేజును కాదనలేవు. వాస్తు కూడా ఇక్కడ పేచీ పెడుతుంది: దక్షిణం, పడమర గోడలు ఎత్తుగా ఉండాలని నమ్మేవారికి తమ దక్షిణపు గోడ పక్కింటివారికి ఉత్తరపు గోడ అవుతుందన్నది గుర్తుండదు. ఒకరు ఎత్తు పెంచబోతే మరొకరు అడ్డుపడతారు. ఉమ్మడి గోడే పనికిరాదని జానెడు సందు వదిలి రెండో గోడ కట్టినవారూ ఉన్నారు. ఆ సందులో చెత్త పేరుకుని, కొన్నాళ్లకు ఆ జానెడు నేల ఎవరిదన్న కొత్త తగవు పుడుతుంది.

కాగితాలు, టేపు కలిసి కూడా తేల్చకపోతే సర్వే చేయించాలి. సర్వే నంబరు ఉన్న భూమికి హద్దులు చూపమని ఎఫ్‌-లైన్ అర్జీ పెట్టుకుంటే, సర్వేయరు చుట్టుపక్కల భూమి గలవారికి నోటీసు ఇచ్చి, ఎఫ్‌ఎంబీ పటం (సర్వే శాఖ కొలతల పుస్తకంలోని పటం) ఆధారంగా కొలుస్తారు. పాత పటాల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. లింకు అంటే 7.92 అంగుళాలు. పాత పల్లెల గ్రామకంఠంలో, అంటే ఇళ్లున్న ఊరి స్థలంలో, చాలాచోట్ల ఇంటింటికీ విడి సర్వే నంబరు ఉండదు కాబట్టి అక్కడ దస్తావేజులకు, ఊరి పెద్దల జ్ఞాపకానికే బరువు ఎక్కువ. ఇంటి పన్ను రసీదు అనుభవాన్ని చూపుతుందే గాని హక్కును కాదు.

పక్కవారు మీ నేల మీదికి వచ్చారని తేలినా పలుగు పట్టుకుని గోడ పడగొట్టకండి. అలాగని ఏళ్ల తరబడి ఊరుకోవడమూ మంచిది కాదు: 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, ఎదుటివారు మీ హక్కును కాదంటూ 12 ఏళ్లు అనుభవించిన స్థలాన్ని తిరిగి రాబట్టుకోవడం కష్టమవుతుంది. ముందు పెద్దమనుషుల మధ్య కూర్చోవచ్చు, ఆపైన లోక్ అదాలత్ ఉంది. అక్కడ కోర్టు ఫీజు లేదు, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే వచ్చే అవార్డు డిక్రీతో సమానం. దావా దాకా వెళితే, స్థలం చూసి కొలిచి నివేదిక ఇవ్వడానికి కోర్టు అడ్వకేట్ కమిషనరును నియమించవచ్చు.

ఒప్పందం కుదిరితే మాట మీద వదిలేయకూడదు. చేతి పటం గీసి, కదలని గుర్తుల నుంచి గోడ రెండు ముఖాలకూ కొలతలు వేసి, మరమ్మతు ఖర్చు ఎవరెంత భరించాలో, ఎత్తు పెంచడానికి ఎవరి అనుమతి కావాలో రాసుకుని, ఇరువైపుల యజమానులందరూ, ఇద్దరు సాక్షులూ సంతకాలు పెట్టాలి. ఇల్లు అన్నదమ్ముల పేరిట ఉంటే ఒక్కరి సంతకం సరిపోదు. ఒప్పందంలో నేల హక్కు ఒకరి నుంచి మరొకరికి మారుతుంటే, ఆ భాగం విలువ వంద రూపాయలు గాని అంతకు మించి గాని ఉన్న పక్షంలో రిజిస్ట్రేషను తప్పదు. ఆ కాగితాన్ని క్రయ దస్తావేజుతో కలిపి కట్టి ఉంచి, రేపు ఇల్లు కొనేవారి చేతికి రెండూ కలిపి ఇవ్వండి.