మొహం చూడటం మానేశాక తెలిసింది

బాల్కన్ దేశాల నుంచి వచ్చాయని చెప్పి అమ్మిన, శుభ్రం చేయని రోమన్ కంచు నాణేలు ఇరవై కొన్నాను. అన్నీ మట్టి బిళ్ళలే. తొందరపడి మొదటిదాన్ని నిమ్మరసంలో వేశాను. మట్టితో పాటు పచ్చటి పొర, దానితోనే బొమ్మ కూడా పోయాయి. మిగతావాటిని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, వారానికోసారి నీళ్ళు మారుస్తూ, మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దాను.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. చక్రవర్తి ఎవరో తెలియదు. నాలుగో శతాబ్దపు మొహాలన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి (కాన్‌స్టంటైన్ చక్రవర్తి తర్వాత ఏలిన అతని కొడుకులు నిజంగా అన్నదమ్ములే!). పేర్లూ అంతే. కాన్‌స్టాంటినస్, కాన్‌స్టాంటియస్, కాన్‌స్టాన్స్: లాటిన్‌లో మొదటి ఏడు అక్షరాలు ఒకటే. నా నాణేల్లో సరిగ్గా ఆ తర్వాతి అక్షరాలే అరిగిపోయాయి.

అందుకే నాణెం తిప్పి వెనకవైపు నుంచి మొదలుపెట్టాను. ఇద్దరు సైనికులు, మధ్యలో రెండు జెండా కర్రలుంటే సుమారు క్రీ.శ. 330–335 మధ్యది. కర్ర ఒక్కటే ఉండి, నాణెం కాస్త చిన్నదైతే 335 తర్వాతది. తోడేలు పాలు తాగుతున్న కవలలుంటే రోమ్ నగరం పేరిట వేసింది. గుర్రం మీంచి పడుతున్నవాణ్ణి సైనికుడు ఈటెతో పొడుస్తుంటే 348 తర్వాతది. ఇవే ఎక్కువగా దొరికేవి.

ఇక బొమ్మ కింద గీత, దాని కింద టంకశాల గుర్తు. లైటు పక్క నుంచి పడేలా వాల్చి చూస్తే ఒకదాని మీద 'ఎస్‌ఎంటీఎస్' కనిపించింది. అంటే గ్రీసులోని థెస్సలొనీకా నగరపు టంకశాల!

పద్నాలుగు తేలాయి. మిగతా ఐదూ ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి.