అన్నవాహికలో అరుదైన గడ్డ: ఆరోగ్యశ్రీ ఫైలు ఆగేది బయాప్సీ దగ్గరే

మింగుడు పడటం లేదని ఎండోస్కోపీ చేయించుకుంటే అన్నవాహికలో గడ్డ బయటపడిందా? తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద వైద్యం చేయించుకోవాలంటే కార్డు, ఆధార్, పాత రిపోర్టులన్నీ పట్టుకుని నెట్‌వర్క్ ఆసుపత్రికి వెళ్లి, అక్కడ రోగులకు సాయం చేసే పథకం ఉద్యోగి ఆరోగ్యమిత్ర దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. ఏ ఆసుపత్రికి వెళ్లాలో తెలియకపోతే 104కి ఫోన్ చేయండి. డాక్టర్లు చూశాక ఆసుపత్రివాళ్లే ఆన్‌లైన్‌లో, పథకం నడిపే ట్రస్టును అనుమతి అడుగుతారు. ఇక్కడిదాకా ఎవరికైనా ఒకటే.

చిక్కంతా బయాప్సీ రిపోర్టుతోనే. అన్నవాహిక క్యాన్సర్లలో ఎక్కువ స్క్వామస్ సెల్ కార్సినోమా, అడినోకార్సినోమాలే. రిపోర్టులో ఆ పేరు స్పష్టంగా ఉంటే ఫైలు కదులుతుంది. జిస్ట్, లియోమయోమా, స్మాల్ సెల్ కార్సినోమా, మెలనోమా లాంటి అరుదైన గడ్డలైతే మొదటి రిపోర్టులో పేరు తేలకపోవచ్చు. చివరి లైనులో 'ఐహెచ్‌సీ అడ్వైజ్డ్' అని ఉంటుంది; అంటే తీసిన ముక్క మీదే గడ్డ రకం తేల్చే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అనే ప్రత్యేక పరీక్ష చేయించాలని. ఆ లైను ఎవరూ చదివి చెప్పరు. ఊరి నుంచి రాత్రి బస్సెక్కి వచ్చిన కుటుంబాలు, గడ్డ ఏదో తేలందే అనుమతి అడగలేమన్న మాట విని తిరిగి వెళ్లడం చూశాక ఇది రాయాలనిపించింది.

అది ఉత్త కాగితం పట్టింపు కాదు. మామూలు రంగు వేసిన స్లైడు మీద జిస్ట్, లియోమయోమా ఒకేలా కనిపించొచ్చు. ఐహెచ్‌సీలో సీడీ117, డాగ్1 అనే ప్రొటీన్ గుర్తులు పాజిటివ్ వస్తే జిస్ట్. దానికి ఇమాటినిబ్ మాత్ర ఉంది. డెస్మిన్ అనే గుర్తు పాజిటివ్ వచ్చి ఆ రెండూ నెగెటివ్ అయితే లియోమయోమా వైపు మొగ్గు. అది క్యాన్సర్ కాదు, చిన్నదై బాధ పెట్టకపోతే చూస్తూ ఉండొచ్చు. స్మాల్ సెల్ అయితే ప్రధానంగా కీమో, రేడియేషన్. పేరు మారితే వైద్యమే మారిపోతుంది.

అందుకని మొదట బయాప్సీ చేసిన ల్యాబుకు వెళ్లి స్లైడ్లతో పాటు పారాఫిన్ బ్లాకు కూడా అడిగి తీసుకోండి. అగ్గిపెట్టెకన్నా చిన్న ప్లాస్టిక్ బిళ్ల, దాని మీద మైనం, మైనంలో చుక్కంత కండ. ఐహెచ్‌సీ చేసేది దాని నుంచి కోసిన పొరల మీదే. అంచున రాసిన నంబరు, రిపోర్టు మీది నంబరు ఒకటేనా అని అక్కడే చూసుకోండి. ఎండాకాలం బండి డిక్కీలో పెట్టకండి, మైనం మెత్తబడుతుంది. బ్లాకు లేకపోతే మళ్లీ గొట్టం వేసి ముక్క తీయాల్సి రావచ్చు. రిపోర్టుల నకళ్లు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది.

ఇంకొకటి. గడ్డ పైపొర కింద ఉంటే మామూలు బయాప్సీలో 'నార్మల్ మ్యూకోసా', అంటే పైపొర మామూలుగానే ఉంది అని రావచ్చు. గడ్డ లేదని కాదు, ముక్క తీసే పట్టకారు అంతవరకూ పోలేదని. అప్పుడు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (గొట్టం చివర నుంచి స్కాన్ చేసి పైపొర కింద చూసే పరీక్ష) గురించి డాక్టర్ని అడగండి.

గేటు దగ్గర "అనుమతి మేం తెప్పిస్తాం" అనేవాళ్లకు పైసా ఇవ్వొద్దు. అనుమతి చూసేది ట్రస్టు డాక్టర్లు; ఆరోగ్యమిత్ర సాయానికి రుసుము లేదు. ఎవరైనా అడిగితే 104కి చెప్పండి. ట్రస్టు నుంచి 'క్వెరీ' వచ్చిందంటే తిరస్కరించారని కంగారు పడకండి. ఏ కాగితం అడిగారో ఆరోగ్యమిత్రను అడిగి రాయించుకోండి, అది ఐహెచ్‌సీ రిపోర్టే కావచ్చు.